రెనైసాన్స్ ఆర్టిస్టులు నిజంగా శవాలు కోసి బొమ్మలు గీశారా? అనాటమీ వాళ్ళకి అంత బాగా ఎలా వచ్చింది?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. (రెనైసాన్స్ అంటే సుమారు 1400-1600 మధ్య ఇటలీలోనూ యూరప్‌లోనూ కళలు బాగా విరబూసిన కాలం.) లియోనార్డో, మైకెలాంజిలో లాంటోళ్ళు చర్చికి తెలీకుండా రాత్రుళ్ళు శవాలు ఎత్తుకొచ్చి కోసేవాళ్ళని వీడియోల్లో చెప్తున్నారు, నిజమేనా అని ఒకటి. కెమెరా లేదు, ఫ్రీజర్ లేదు, మరి అంత డీటెయిల్‌గా ఎలా గీశారు అని రెండోది. మనం నేర్చుకోవాలంటే వాళ్ళ బొమ్మల్లో దేంతో మొదలుపెట్టాలి అని చివర్లో అడిగారు. నేను చాలా ఏళ్ళుగా ఫిగర్ డ్రాయింగ్, అనాటమీ చెప్తున్నా, ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి.

ముందు ఆ దొంగతనం కథ. చర్చి శవాలు కోయడాన్ని బ్యాన్ చేసింది అనేది చాలావరకు తర్వాత అల్లుకున్న కథే. 1299లో పోప్ ఎనిమిదో బోనిఫేస్ ఒక ఆర్డర్ వేసిన మాట నిజం, కానీ అది దేనిమీదంటే, దూరదేశంలో చనిపోయినవాళ్ళ ఒంటిని ముక్కలు చేసి ఉడకబెట్టి ఎముకలు మాత్రం సొంతూరికి పట్టుకెళ్ళే అలవాటు ఉండేది అప్పట్లో, దాన్ని ఆపమని. డాక్టర్లు కోసి చూడటం గురించి కాదు. ఆ తర్వాత పదహారేళ్ళు తిరక్కుండానే బొలోన్యాలో మొండీనో అనే ప్రొఫెసర్ స్టూడెంట్స్ ముందు శవాన్ని కోసి చూపించి 1316లో దానిమీద పుస్తకం కూడా రాశాడు, అదే దాదాపు రెండొందల ఏళ్ళు అక్కడ టెక్స్ట్‌బుక్. 1482లో అయితే పోప్ నాలుగో సిక్స్టస్ ట్యూబింగెన్ యూనివర్సిటీకి ఉరితీసినవాళ్ళ శవాలు వాడుకోవచ్చని రాసిచ్చాడు కూడా. అంటే రూల్స్ ఉన్నాయి, పర్మిషన్ కావాలి, దొరికేవి తక్కువ, అంతే. ఎక్కువగా ఉరిశిక్ష పడ్డవాళ్ళవి, అందులోనూ బయటి ఊరివాళ్ళవి ఇచ్చేవాళ్ళు, ఎందుకంటే అడగడానికి చుట్టాలు రారు కదా.

ఇంకో సంగతి చాలామంది చెప్పరు. ఫ్లోరెన్స్‌లో పెయింటర్లు ఏ సంఘం కింద ఉండేవాళ్ళో తెలుసా? డాక్టర్లు, మందుల షాపులవాళ్ళ గిల్డ్ కింద. రంగులు అమ్మేది మందుల షాపుల్లోనే కాబట్టి అలా కలిసిపోయారు. కాబట్టి ఆర్టిస్టుకి డాక్టర్‌తో పరిచయం అనేది ఏదో సీక్రెట్ వ్యవహారం కాదు, ఒకే యూనియన్ ఆఫీసులో కలుసుకునే మనుషులే అనుకోండి.

మైకెలాంజిలో కథ కూడా అంతే. పద్దెనిమిదేళ్ళ కుర్రాడిగా ఉన్నప్పుడు, 1490ల మొదట్లో, ఫ్లోరెన్స్‌లోని సాంటో స్పిరిటో మఠం పెద్దాయనే పిలిచి గది ఇచ్చి, శవాలు ఇచ్చి చూసుకోమన్నాడు, కుర్రాడు థ్యాంక్స్‌గా ఒక చెక్క శిలువ చెక్కి ఇచ్చాడు. చర్చి ఎక్కడ అడ్డుపడింది ఇందులో, చర్చివాళ్ళే ఇచ్చారు. తమాషా ఏంటంటే ఆ శిలువ ఇదే అని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్న బొమ్మ ఆ చర్చిలోనే ఉంది, దాంట్లో క్రీస్తు ఒళ్ళు సన్నగా, మెత్తగా ఉంటుంది, కండలు అసలు కనపడవు. శవాలు కోసి నేర్చుకున్నవాడు వెంటనే కండలన్నీ చూపించేస్తాడు అనుకుంటాం కదా, అలా జరగలేదు.

అలాగని అంతా సాఫీగా నడిచిందీ కాదు. లియోనార్డో ముసలితనంలో రోమ్‌లో ఉన్నప్పుడు అద్దాలు చేసే ఒక జర్మన్ వర్కర్‌తో గొడవైంది, వాడు వెళ్ళి పోప్ దగ్గర, హాస్పిటల్ దగ్గర చాడీలు చెప్పి తన అనాటమీ పనికి అడ్డం పడ్డాడని లియోనార్డోనే రాసుకున్నాడు. అది ఆఫీసు రాజకీయం టైపు, మత నిషేధం కాదు.

ఇప్పుడు అసలు విషయం, ఎలా గీశారు అనేది. ఇక్కడే అందరూ ఒక తప్పు ఊహ పెట్టుకుంటారు, శవాన్ని బల్లమీద పడుకోబెట్టి పక్కన స్టూలేసుకుని కూర్చుని కనపడింది కనపడినట్టు గీసేశారని. మీరెప్పుడైనా మెడికల్ కాలేజీ డిసెక్షన్ హాల్లోకి వెళ్తే తెలుస్తుంది, లోపల అట్లాస్‌లో ఉన్నట్టు ఏదీ ఉండదు. కొవ్వు, పొరలు, ఒకదానికొకటి అతుక్కుని, అన్నీ ఒకే రంగు. ఎర్ర గీత, నీలం గీత అని ఎవరూ గీసిపెట్టి ఉంచరు. కండకి అంచు ఎక్కడో కూడా తెలీదు, వేలితోనో కత్తితోనో విడదీసుకుంటూ పోవాలి. దానికితోడు అప్పట్లో శవం కుళ్ళకుండా ఆపే ఫార్మలిన్ మందు లేదు, శవం కుళ్ళిపోతూ ఉంటుంది, అందుకే డిసెక్షన్లు చలికాలంలోనే పెట్టేవాళ్ళు, మొండీనో పద్ధతిలో ముందు పొట్ట, తర్వాత ఛాతీ, తర్వాత తల, ఆఖర్న కాళ్ళూ చేతులు. ఏది ముందు కుళ్ళితే అది ముందు అన్నమాట. మరి ఆర్టిస్టుకి కావాల్సినవి ఏవి? కాళ్ళూ చేతులే! అంటే డాక్టర్ల డిసెక్షన్‌కి వెళ్ళి వెనక నిలబడి చూస్తే వాడికి కావాల్సింది చివర్లో వస్తుంది, అప్పటికి అది ఏ స్థితిలో ఉంటుందో ఊహించుకోండి. ఆర్టిస్టులు సొంతంగా చేసుకోవాలనుకోవడానికి ఇదొక ప్రాక్టికల్ కారణం అని నాకనిపిస్తుంది.

లియోనార్డో దీని గురించి ఒకచోట చాలా ఓపెన్‌గా రాశాడు. నీకు ఇంట్రెస్ట్ ఉన్నా కడుపులో తిప్పొచ్చు, తిప్పకపోయినా చర్మం ఒలిచి ముక్కలు చేసిన శవాలతో రాత్రుళ్ళు గడపాలంటే భయం వేయొచ్చు, భయం లేకపోయినా డ్రాయింగ్ రాకపోవచ్చు, డ్రాయింగ్ వచ్చినా పర్‌స్పెక్టివ్, అంటే దూరం దగ్గర తేడా తెలిసేలా గీయడం, రాకపోవచ్చు, అదీ వచ్చినా కండరాల బలం లెక్కకట్టడం రాకపోవచ్చు, అన్నీ ఉన్నా ఓపిక లేకపోవచ్చు, ఇలా సాగుతుంది ఆ లిస్టు. ఒక్క శవం అంతసేపు ఆగదు కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి చాలా శవాలు చూడాల్సి వచ్చిందని, తేడాలు తెలియడానికి మొత్తం పని రెండుసార్లు చేశానని కూడా ఆ దగ్గర్లోనే రాశాడు. ఈ మాటే అసలు తాళంచెవి. ఆయన పేపర్ మీద మనం చూసే చెయ్యి ఏ ఒక్క మనిషి చెయ్యీ కాదు. చాలా శవాల్లో కొంచెం కొంచెం చూసింది బుర్రలో కలిపి, పేపర్ మీద కట్టిన చెయ్యి. అలాంటి దృశ్యం ఆయన కళ్ళముందు ఏనాడూ లేదు. నేను క్లాసులో గొంతు చించుకుని చెప్పేది ఇదే, అది కాపీ కాదు, కన్‌స్ట్రక్షన్.

ఆయన మొదలుపెట్టింది కూడా తెలివిగా ఎముకతో. 1489లో మిలాన్‌లో పుర్రెలు గీశాడు, పుర్రె అయితే కుళ్ళదు, తొందరలేదు, బల్లమీద పెట్టుకుని నెలలు గీసుకోవచ్చు. రంపంతో సగానికి కోసి ఒక పక్క బయటి భాగం, ఒక పక్క లోపలి ఖాళీలు పక్కపక్కనే చూపించాడు, బుగ్గ ఎముక లోపలి సైనస్ అంత కరెక్ట్‌గా అంతకుముందు ఎవరూ గీయలేదు. కానీ ఆయన అక్కడ వెతుకుతున్నది ఏంటంటే పంచేంద్రియాలు వచ్చి కలిసే చోటు, అంటే ఆత్మ కూర్చునే సీటు ఎక్కడుందా అని, దానికోసం పుర్రెమీద గీతలు గీసి కొలతలు తీశాడు. గీత సూపర్, థియరీ పాతది.

తర్వాత 1507-08 చలికాలం, ఫ్లోరెన్స్‌లో సాంటా మరియా నువోవా హాస్పిటల్. అక్కడ మంచంమీద కూర్చున్న ఒక ముసలాయన, నాకు నూరేళ్ళు దాటాయి, నీరసం తప్ప ఏ జబ్బూ లేదని లియోనార్డోతో చెప్పి, కొన్ని గంటలకి కదలకుండా మెదలకుండా పోయాడు. ఇంత హాయిగా ఎలా పోయాడా అని లియోనార్డో ఆయన్ని కోసి చూశాడు. రక్తనాళాల గోడలు మందంగా అయిపోయి దారి సన్నబడిపోయింది, లివర్ ఎండిపోయింది అని రాశాడు, వయసైన కొద్దీ నారింజ తొక్క మందమై గుజ్జు తగ్గిపోయినట్టు అని పోలిక కూడా ఇచ్చాడు. రెండేళ్ళ పిల్లాడి శరీరం కూడా చూశాడు, అందులో అన్నీ దీనికి ఉల్టాగా ఉన్నాయన్నాడు. నాళాలు గట్టిపడటం గురించి అంత క్లియర్‌గా రాసిన తొలి నోట్స్‌లో ఇదొకటని డాక్టర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక పీక్ అంటే 1510-11 చలికాలం. పవియా యూనివర్సిటీలో మార్కాంటోనియో డెల్లా టోర్రే అనే కుర్ర ప్రొఫెసర్‌తో కలిసి పనిచేసినప్పటివి అనుకుంటున్న షీట్లు, 18 కాగితాలు, చాలావాటికి రెండు పక్కలా కలిపి 240కి పైగా బొమ్మలు, 13 వేల పదాల నోట్స్, అంతా ఆయన మామూలుగా రాసే అద్దం రాతలో. పద్ధతి మొత్తం ఇక్కడే దొరుకుతుంది. భుజం తీసుకోండి. ముందునుంచి ఒకటి గీసి ఊరుకోలేదు, ఒకే భుజాన్ని ముందునుంచి వెనకదాకా అరచుట్టు తిప్పుతూ ఎనిమిది బొమ్మలు. అన్ని పక్కల నుంచీ చూపిస్తేనే నీకు పూర్తిగా తెలిసినట్టు అనేది ఆయన రూలు. శవాన్ని అలా చేయెత్తి నిలబెట్టి మెల్లగా తిప్పలేరు కదా, బుర్రలోనే తిప్పాడు. చెయ్యి అయితే ముందు ఎముకలు, తర్వాత లిగమెంట్లు (ఎముకని ఎముకకి కట్టే పట్టీలు), కండలు, స్నాయువులు, పైన చర్మం, ఇలా పొర పొరగా కట్టుకొచ్చాడు. వెన్నెముకైతే బైక్ సర్వీస్ మాన్యువల్‌లో పార్టులు విడదీసి గాల్లో పెట్టి చూపిస్తారే, మెడ వెన్నుపూసలు అలాగే విడివిడిగా, ఏది దేంట్లో కూర్చుంటుందో తెలిసేలా గీశాడు. కొన్నిచోట్ల కండని పూర్తిగా తీసేసి దాని బదులు ఒక దారం మాత్రం గీశాడు, ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో ఆ దారం చెప్తుంది, దాని వెనక ఉన్నది కూడా కనపడుతుంది. శవంలో దారాలుండవు. ఆ కండ ఏం పని చేస్తుందో తెలిసినవాడు మాత్రమే గీయగల బొమ్మ అది.

ఒక చిన్న టెస్ట్ చేయండి, ఇప్పుడే. మోచెయ్యి మడిచి ముంజేయి బల్లకి సమానంగా పెట్టండి, అరచెయ్యి కిందకి. రెండో చేత్తో జబ్బమీద బైసెప్స్ పట్టుకోండి. ఇప్పుడు మోచెయ్యి కదపకుండా అరచెయ్యి పైకి తిప్పండి, గట్టిగా, స్క్రూ బిగించినట్టు. బైసెప్స్ గట్టిపడి పైకి లేస్తుంది, తెలిసిందా? చెయ్యి మడవకుండానే. బైసెప్స్ పని మడవటం ఒక్కటే కాదు, ముంజేయిని తిప్పడం కూడా అని లియోనార్డో ఆ చేతి ఎముకల షీట్‌లో చూపించాడు, రెండు ఎముకల్లో బొటనవేలి వైపుది రెండోదానిమీదకి అడ్డంగా పడి లేవడం కూడా అక్కడే ఉంది. కోసి చూస్తే కండ ఎక్కడుందో తెలుస్తుంది, అది ఏం చేస్తుందో మాత్రం బతికున్న మనిషిని తాకి, శవంలో ఎముక తిప్పి, గీసి, మళ్ళీ చూస్తేనే తెలుస్తుంది. డ్రాయింగ్ అనేది చివర్న తీసే ఫోటో కాదు, మధ్యలో ఆలోచించే పని.

దీనికి చెడ్డ పక్క కూడా ఉంది. బుర్రలో కట్టేటప్పుడు ఖాళీ ఉన్నచోట పాత పుస్తకం వచ్చి కూర్చుంటుంది, లేదా జంతువు వచ్చి కూర్చుంటుంది. గర్భంలో ముడుచుకుని కూర్చున్న బిడ్డ బొమ్మ అందరూ చూసే ఉంటారు, 1511 ప్రాంతంది, ఎంత బాగుంటుందో, కానీ ఆ మావి మనిషిది కాదు, ఆవుది, ఆవుకుండేలా విడివిడి గుబ్బలుగా ఉంటుంది. గుండె కూడా ఎక్కువగా ఎద్దు గుండెలే కోశాడు. దాంట్లో అద్భుతం, పొరపాటు పక్కపక్కనే ఉన్నాయి. రక్తం బయటికెళ్ళే కవాటం దగ్గర సుడులు తిరుగుతుందని ఊహించి, ఎద్దు గుండె నాళంలో మైనం పోసి అచ్చు తీసి, దాన్నుంచి గాజు మోడల్ చేయించుకుని, నీళ్ళలో గడ్డి గింజలు కలిపి పంపి సుడులు చూడాలని రాసుకున్నాడు, 20వ శతాబ్దంలో ఇంజనీర్లు టెస్ట్ చేస్తే సుడులు నిజమే అని తేలింది. అదే లియోనార్డో, గుండె మధ్య గోడలో సన్న కన్నాలున్నాయని పాతకాలపు గ్రీకు డాక్టర్ గాలెన్ చెప్పిన మాట నమ్మి కన్నాలు కూడా గీశాడు. లేనివి గీశాడు! రక్తం చుట్టూ తిరిగి వస్తుందని మాత్రం ఆయనకి తట్టలేదు, అది 1628లో ఇంగ్లిష్ డాక్టర్ హార్వే దాకా ఆగింది. బొమ్మ అందంగా ఉందంటే కరెక్ట్ అని కాదు, ముఖ్యంగా లియోనార్డో దగ్గర ఇది గుర్తుపెట్టుకోవాలి, ఆయన చెయ్యి అంత బాగా అబద్ధం కూడా చెప్పగలదు.

డెల్లా టోర్రే 1511లో ప్లేగుతో పోయాడు, పుస్తకం రాలేదు. 1517లో ఫ్రాన్స్‌లో ఒక కార్డినల్ (చర్చిలో పెద్ద హోదా ఉన్నాయన) చూడ్డానికొస్తే ముప్పైకి పైగా శవాలు కోశానని చెప్పాడు లియోనార్డో, రెండేళ్ళకి ఆయనా పోయాడు. కాగితాలు శిష్యుడు మెల్జీకి వెళ్ళి, చేతులు మారి, చివరికి ఇంగ్లండ్ రాజుల దగ్గర విండ్సర్ కోటలో పడ్డాయి, 19వ శతాబ్దం చివరిదాకా సరిగ్గా అచ్చే కాలేదు. కాబట్టి వైద్యాన్ని లియోనార్డో మార్చేశాడు అనే డైలాగ్ ఎక్కడైనా కనపడితే నమ్మకండి, చూసినవాళ్ళే లేరు.

మిగతా ఆర్టిస్టులు? ఎక్కువమందికి అంత లోతు అక్కర్లేదు కూడా. ఆల్బెర్టీ అనే ఇటలీ రచయిత 1435లో పెయింటింగ్ మీద రాసిన పుస్తకంలోనే చెప్పేశాడు, ముందు ఎముకలు పెట్టు, దానిమీద కండలు, దానిమీద చర్మం, బట్టలేసే ముందు లోపల నగ్నంగా గీసుకో అని. దీన్ని అక్షరాలా పాటించిన బొమ్మ ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 1507 నాటి క్రీస్తు సమాధి సీన్ పెయింటింగ్ కోసం రాఫెల్ అనే పెయింటర్ వేసిన స్కెచ్, మూర్ఛపోతున్న మేరీ మాతని అస్థిపంజరంగా గీశాడు, అవును, మేరీ మాతనే, వాలిపోతున్న ఒంట్లో బరువు ఎటు పడుతుందో చూసుకోవడానికి. ఎముకలు మరీ పర్‌ఫెక్ట్‌గా ఉండవు, పనికి సరిపడా ఉంటాయి. నాకు ఇది చాలా ఇష్టం, ఎందుకంటే ఇది షో కోసం కాదు, రేపు పెయింటింగ్‌లో కాలు జారకూడదు అని వేసుకున్న రఫ్.

దీనికి ఉల్టా పొల్లైయువోలో అనే ఫ్లోరెన్స్ ఆర్టిస్టు. పదిమంది నగ్న యోధులు కొట్టుకునే ఎన్‌గ్రేవింగ్ (రేకుమీద చెక్కి అచ్చేసే బొమ్మ) ఒకటి ఉంది ఆయనది, చాలా ఫేమస్. చాలా శవాల చర్మం ఒలిచి చూశాడని, ఆర్టిస్టుల జీవితాలు రాసిన వసారీ రాశాడు, కానీ ఇప్పటి స్కాలర్లలో చాలామంది నమ్మరు. బొమ్మ చూస్తే ఎందుకో తెలుస్తుంది, ప్రతివాడికీ ముందు కండలు వెనక కండలు అన్నీ ఒకేసారి బిగుసుకుని ఉంటాయి, అలా బిగిస్తే మనిషి కదల్లేడు, చెయ్యి మడిచే కండ బిగిస్తే చాచే కండ వదులవ్వాలి కదా. ఇలాంటి బొమ్మలనే లియోనార్డో వాల్‌నట్ల బస్తా అని, ముల్లంగి కట్ట అని తిట్టాడు. మన కుర్రాళ్ళు జిమ్ ఫోటోలు చూసి వేసే సూపర్ హీరోలు కూడా ఇదే బాపతు.

మైకెలాంజిలో ఎముకల్లోపలికి వెళ్ళి గీసినవి మనకి తక్కువే మిగిలాయి, ఆయన దృష్టంతా చర్మం పైకి తేలే ఆకారం మీద. న్యూయార్క్ మెట్ మ్యూజియంలో ఉన్న లిబియన్ సిబిల్ (భవిష్యత్తు చెప్పే స్త్రీ) స్టడీ చూడండి, ఎర్ర చాక్, రోమ్‌లోని సిస్టీన్ చాపెల్ సీలింగ్‌లో ఆ ఆడమనిషి బొమ్మ కోసం మగ మోడల్‌ని కూర్చోబెట్టి వీపు గీశాడు. వీపు ఒక ఎత్తు, పక్కన ఆ కాలి వేళ్ళు ఒక ఎత్తు, బొటనవేలు నేలకి నొక్కుకునే తీరు కుదరక మళ్ళీ మళ్ళీ గీశాడు. ఆ వయసుకే అంత అనాటమీ వచ్చినవాడు ఒక వేలికోసం అంతసేపు కూర్చున్నాడు. తర్వాత రోజుల్లో రోమ్‌లో రియాల్డో కొలంబో అనే అనాటమీ డాక్టర్‌తో స్నేహం చేసి పుస్తకం వేద్దామనుకున్నాడు, అది జరగలేదు, 1559లో కొలంబో పుస్తకం లోపల బొమ్మలు లేకుండానే వచ్చింది. శవాలతో ఎక్కువకాలం పనిచేసి కడుపు పాడై, తిండి సహించక మైకెలాంజిలో డిసెక్షన్ మానేశాడని ఆయన శిష్యుడు కొండీవి రాశాడు.

డాక్టరు, ఆర్టిస్టు కలిసి నిజంగా బయటికి తెచ్చిన పుస్తకం వెసేలియస్ అనే అనాటమీ డాక్టర్‌ది, 1543, బాసెల్‌లో ప్రింట్, ఆయన వయసు 28. పాడువాలో ఒక జడ్జి ఉరితీసినవాళ్ళ శవాలు ఇప్పించేవాడు కాబట్టి మెటీరియల్‌కి లోటు లేదు. బొమ్మలు వెనిస్ పెయింటర్ టిషియన్ వర్క్‌షాప్ వైపు వాళ్ళవని, కాల్కర్ అనే ఆర్టిస్టువని అంటారు, ఈ పుస్తకం విషయంలో కాల్కర్ పేరు మీద వాదన ఇంకా ఉంది, 1538లో వెసేలియస్‌వే వచ్చిన అనాటమీ బొమ్మల చిన్న సెట్‌లో మాత్రం ఆయన ఉన్నాడు. చర్మం ఒలిచిన మనిషి పొలాల మధ్య నిలబడి ఉంటాడు, పేజీ తిప్పేకొద్దీ ఒక్కో పొర కండ ఊడి వేలాడుతుంటుంది, ఒకచోటికొచ్చేసరికి నిలబెట్టడానికి కండలు మిగలవు, తాడుతో వేలాడదీస్తారు. వెనక ఊళ్ళూ కొండలూ పేజీలు పక్కపక్కన పెడితే కలిసిపోతాయి. 1563లో ఫ్లోరెన్స్‌లో ఆర్టిస్టుల అకాడమీ పెట్టినప్పుడు రూల్స్‌లోనే ప్రతి చలికాలం సాంటా మరియా నువోవా హాస్పిటల్లో డిసెక్షన్ చూడాలని రాసుకున్నారు. అంటే అప్పటికి అది పిచ్చివాళ్ళ పని కాదు, సిలబస్.

సరే, మీరు ఎక్కడ మొదలుపెట్టాలి. రాయల్ కలెక్షన్ ట్రస్ట్ వెబ్‌సైట్‌లో లియోనార్డో అనాటమీ షీట్లు ఉన్నాయి, బాగా జూమ్ చేసి చూడొచ్చు. అందంగా ఉందని గర్భంలో బిడ్డతో మొదలుపెట్టకండి. ముంజేయి ఎముకల షీట్ తీసుకోండి, ఎందుకంటే ఆ చెయ్యి మీ దగ్గరే ఉంది, తిప్పి చూసుకోవచ్చు. ముందు కాపీ చేయండి, తర్వాత షీట్ మూసేసి మీ సొంత చెయ్యిని ఆయన గీయని యాంగిల్లో ఎముకలతో గీయడానికి ట్రై చేయండి, అక్కడ ఆగిపోతారు, ఆగిపోయిన చోటే మీకు తెలీనిది ఉంది, మళ్ళీ వెళ్ళి చూడండి. పెన్సిల్‌తో రుద్ది షేడింగ్ చేయొద్దు, పెన్నుతో ఆయన వేసినట్టు కండ గుండ్రంగా తిరిగేవైపే గీతలు వంచండి, గీత ఎటు వంచాలో తెలియాలంటే ఆకారం తెలియాలి, తెలీకపోతే గీతే పట్టిచ్చేస్తుంది. తర్వాత భుజం ఎనిమిది బొమ్మలు, అద్దంలో మీ భుజం చూసుకుంటూ. కండల పేర్లు బట్టీ పట్టాల్సిన పని ఇప్పుడు లేదు, ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుంది, బిగిస్తే ఏది దేని దగ్గరకొస్తుంది అనేవి రెండూ చాలు. పాదం చివరికి పెట్టుకోండి, అది అన్నిటికంటే కష్టం, దాని గురించి డౌట్ ఉంటే విడిగా అడగండి.